కుర్చీలో మేస్త్రి, నేల మీద నేను

మా ఆయన పద్నాలుగేళ్లు గల్ఫ్‌లో టైల్స్ పరిచాడు. హోటళ్లలో, ఆసుపత్రుల్లో, ఎవరివో తెలియని పెద్ద పెద్ద ఇళ్లలో. చెన్నూరులోని మా రెండు గదుల ఇంట్లో మాత్రం పాత గచ్చే. సెలవు మీద వచ్చినప్పుడల్లా "మళ్లొచ్చినప్పుడు నా చేతులతోనే ఏస్త" అనేవాడు. ఆఖరిసారి వచ్చినప్పుడు ఆ చేతిలో కర్ర ఉంది. పరంజా మీద నుంచి పడి కుడి మోకాలు నుజ్జయింది. లోపల రాడ్డు వేశారు. ఇక మోకాళ్ల మీద కూర్చోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

ఇంట్లో ఆయనకు కుదురు లేదు. తలుపు దాకా నడిచేవాడు, గోడ దాకా వచ్చేవాడు, మళ్లీ తలుపు దాకా. ఫ్యాన్ వేసేవాడు, ఆపేవాడు. చాయ్ పెట్టమని అడిగి, పెట్టాక తాగడం మరిచిపోయేవాడు. నేను బట్టలు కుడతాను. మిషన్ మీద తల వంచుకుని కూర్చున్నా చెవులు మాత్రం ఆ కర్ర చప్పుడు మీదే. ఒకరోజు ఒకే జాకెట్‌కు రెండూ ఎడమ చేతులే కుట్టాను. విప్పుతుంటే ఏడుపొచ్చింది.

గచ్చు పగుళ్లలో కర్ర మొన ఇరుక్కుంటోందని, మేస్త్రిని పిలుద్దామన్నాను.

"పద్నాలుగేండ్లు మంది ఇండ్లల్ల ఏసిన. నా ఇంట్ల ఇంకొకడు ఏస్తడా?" అని అరిచాడు.

"అయితే నేనే ఏస్త."

కోపంలో అన్న మాట అది. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. నా చేతుల వంక చాలాసేపు చూశాడు.

ఆ వారమే మంచిర్యాల పోయాం. దుకాణంలో నాకు ఒక తెల్లటి టైల్ నచ్చింది. అద్దంలా మెరుస్తోంది, వంగితే నా ముఖం కనిపించింది. ఆయన సీసాలోంచి నీళ్లు దాని మీద చిలకరించి, "అడుగు పెట్టు" అన్నాడు. పెట్టాను. కాలు జర్రున జారింది. తరువాత ఒక్కో పెట్టెలోంచి రెండేసి టైల్స్ తీయించి, ముఖాలు కలిపి పట్టుకుని, మధ్యలో సందు కనిపిస్తే వంపు ఉందని పక్కన పెట్టేశాడు. దుకాణదారు ముఖం చిన్నబోయింది. చివరికి తడి ఇసుక రంగులో, గరుకుగా ఉన్నవి తీసుకున్నాం. నాకు ఆ రంగు ఏ మాత్రం నచ్చలేదు. కానీ ఆ మెరిసే టైల్ మీద ఆయన కర్ర కూడా ఒకసారి పక్కకు జారడం నేను చూశాను.

వెనక గదితో మొదలుపెట్టాం. సిమెంటు పట్టుకోవాలంటే పాత గచ్చు నిండా ఉలితో గాట్లు పెట్టాలన్నాడు. రెండు రోజులు అదే పని. నా అరచేతులు పొక్కులెక్కాయి. నీళ్లు నింపిన సన్నటి పైపుతో లెవెల్ చూసి, గోడ నుంచి గోడకు దారం కట్టాం. ఆయన కుర్చీలో కూర్చుని చెప్పేవాడు. కానీ ఆయన మాట నా చేతికంటే ముందు పరుగెత్తేది.

"గట్ల గాదు. జర పైకి లేపు. అంత గాదు! మధ్యల కొట్టు, అంచు మీద గాదు."

రబ్బరు సుత్తితో కొట్టి కొట్టి, ఆ రోజు నాలుగు టైల్స్ పెట్టాను. మరునాడు పొద్దున ఆయన కర్రతో వాటి మీద తట్టాడు. రెండింట్లోంచి ఖాళీ కుండను తట్టినట్టు చప్పుడొచ్చింది.

"కింద గాలి ఉన్నది. తియ్యి."

"ఎవరికి కనిపిస్తదయ్యా?"

"నాకు ఇనపడతది."

తీశాను. తీసి, అలిగాను. మధ్యాహ్నం అన్నం ఆయన ముందు పెట్టి మిషన్ దగ్గర కూర్చున్నాను. కర్ర చప్పుడు మళ్లీ మొదలైంది. తలుపు, గోడ, తలుపు.

అయిదో రోజున వరుస వంకర పోయింది. దారానికి ఆనించినా టైల్ ఎందుకో పక్కకు తిరుగుతోంది. "ఆగు" అని ఆయన కర్ర పడేసి, గోడ పట్టుకుని, కాలు చాపి నేల మీదికి దిగాడు. నేను వద్దు వద్దంటున్నా వినలేదు. తాపీ అందుకుని, కింద సిమెంటును ఒక్కసారి సర్ది, టైల్ దించి అరచేతితో ఒత్తాడు. అది కదలకుండా కూర్చుంది. ఆయన ముఖంలో అంతటి నెమ్మది ఆ కొన్ని నెలల్లో నేను చూడలేదు.

తరువాత లేవలేకపోయాడు. చంకల కింద చేతులు పెట్టి లేపబోయాను, నా వల్ల కాలేదు. పక్కింటాయన వచ్చి పట్టాడు. సాయంత్రానికి మోకాలు వాచి కుండలా అయింది. కాపడం పెడుతూ చెడామడా తిట్టాను. ఆయన గోడ వైపు తిరిగి విన్నాడు.

ఆ తరువాత ఆయన కుర్చీ దిగలేదు, నేను ఎవరి మీదా అలగలేదు. పని నడిచింది. గడప మూల దగ్గర మాత్రం మళ్లీ ఆగిపోయాం. అక్కడ టైల్‌ను రెండు మలుపులుగా కోయాలి. ఆయన చెప్పిన కొలతతో కట్టర్ పెట్టాను, విరిగింది. ఇంకోటి, అదీ విరిగింది. విసుగొచ్చి లోపలికి పోయి, పాత పేపరు తెచ్చి ఆ మూలలో పరిచి, జాకెట్ మెడ కత్తిరించినట్టు కత్తెరతో ఆకారం తీశాను. పేపరును టైల్ మీద అతికించి, గీత వెంట కొంచెం కొంచెంగా కోశాను. అతికినట్టు సరిపోయింది.

ఆయన ముందుకు వంగి చూశాడు. "గిట్ల మాకెవ్వరు చెప్పలే," అన్నాడు. అంతే. కానీ సాయంత్రం గల్ఫ్‌లో ఉన్న తోటి పనివాడికి ఫోన్ చేసి, "మా ఇంటామె పేపర్ కత్తిరించి కోసింది రా, చూడాలె నువ్వు" అని చెబుతుంటే వంటింట్లోంచి విన్నాను.

వెనక గది పూర్తయ్యేసరికి పన్నెండు రోజులు పట్టింది. ఒక మూల వాలు తప్పింది. కడిగినప్పుడల్లా అక్కడ గుప్పెడు నీళ్లు నిలుస్తాయి. తీసి మళ్లీ వేస్తానన్నాను. ఆయన ఆలోచించి, "వద్దు తీ" అన్నాడు. వద్దన్నాడే గానీ, ఆ నీళ్ల వంక చూసినప్పుడల్లా ఆయన వేళ్లు కదులుతూనే ఉంటాయి.

ముందు గది సగంలో ఉండగా వెనక వీధిలో ఉండే ఆమె వచ్చింది. కాసేపు నేలనంతా చూసి, "అన్నా, మా వంటింట్ల గూడ మీరే ఎయ్యరాదుండ్రి?" అంది.

"వస్తం," అన్నాడాయన.

ఆమె పోయాక అడిగాను. "నన్ను అడిగినవా?"

"అడిగితే రానంటవా?"

"అంటనో, అననో. అడగాలె గద."

తరువాత రెండు రోజులు ఆయన నడక మళ్లీ ఎక్కువైంది. మూడో రోజు పొద్దున మిషన్ పక్కకు వచ్చి నిలబడి, "వస్తవా?" అన్నాడు.

చేతిలో ఉన్న కుట్టు చివరిదాకా కుట్టి, దారం తెంపి, అప్పుడు చెప్పాను. "వస్త. గని మంది ఇంట్ల నా మీద అరిస్తే తాపీ ఆడ్నే పడేసి వస్త."

ఇప్పటికి మూడిళ్లు చేశాం. రెండుసార్లు తాపీ పడేసి వచ్చేశాను. రెండుసార్లూ ఆటో ఎక్కి నా వెనకే వచ్చాడు.