నలభై రెండు ఫోటోల రీలు

నర్సీపట్నంలో పెదబొడ్డేపల్లి వెళ్లే రోడ్డు మీద, ఒక అపార్టుమెంటు రెండో అంతస్తులో ఉండేది జాన్ పాల్ స్టూడియో. మెట్లెక్కి వచ్చినవాళ్లు తలుపు తీసిన ఆయన భార్య ఎస్తర్ రాణిని చూసి ఒకే మాట అడిగేవారు.

"మాస్టారు లేరేటమ్మా?"

మాస్టారు లేకేం, ఉండేవారు. కింద టీకొట్టు బల్ల మీద కాలు మీద కాలు వేసుకుని లైటింగు గురించి ఉపన్యాసం ఇస్తూ ఉండేవారు. పైన రాణి లైట్లు వెలిగించి, కెమెరా స్టాండు మీద సరిచేసి, వచ్చినవాళ్ల చేత తల దువ్వించి, పౌడరు అద్దించి, అన్నీ అయ్యాక కిటికీలోంచి కేకేసేది. అప్పుడాయన వచ్చి, కూర్చున్న మనిషి గడ్డాన్ని రెండు వేళ్లతో అర అంగుళం పక్కకి తిప్పి "స్మైల్" అనేవారు. అంతే, ఆయన పని అయిపోయింది. ఆ అర అంగుళంలోనే ఫోటోగ్రఫీ అంతా ఉందని ఊరు ఊరంతా నమ్మింది. మీట నొక్కేది రాణి. నొక్కేముందు ఆ గడ్డాన్ని మళ్లీ ఉన్నచోటికి తెచ్చేదీ రాణే.

ఆమెకి ఈ పని మొగుడు నేర్పింది కాదు. పెళ్లికి ముందు నాలుగేళ్లు ఒక మిషన్ ఆసుపత్రిలో ఎక్స్‌రే గదిలో పనిచేసింది. చీకట్లో ఫిల్ము కడగడం, మందులు కలపడం ఆమెకి అన్నం వార్చినంత సులువు. "బొమికల ఫోటోలు తీసుకునేదాన్ని మనుషుల ఫోటోల్లోకి తెచ్చాను" అని జాన్ పాల్ నలుగురిలో అంటుంటే ఆమెకి ఒళ్లు మండేది. కనీసం బొమికలు తిన్నగా వచ్చేవి.

మెయిన్ రోడ్డులో కొట్టు ఖాళీ చేయాల్సి వచ్చి, తొంభై ఏడులో స్టూడియో ఇంట్లోకి వచ్చింది. రెండు గదుల ఇల్లు. మంచం ఎక్కడ, వంట ఎక్కడ, గొడుగు లైట్లు ఎక్కడ? జాన్ పాల్ హాలు మధ్యలో నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుని గోడలకేసి చూస్తూ రెండు రోజులు గడిపాడు. మూడో రోజు రాణి నడుం బిగించింది. మంచాన్ని పగలు గోడకి నిలబెట్టి, దాని మీదుగా తెర వేలాడదీసింది. తెరకి ఒక వైపు నీలం రంగు, రెండో వైపు కొలనులో హంసలు. బియ్యం డ్రమ్ము మీద ముఖమల్ గుడ్డ కప్పితే, చెయ్యి ఆనించి దర్జాగా నిలబడే బల్ల అయింది. బాత్‌రూములో ఎర్ర బల్బు పెడితే డార్క్ రూమ్ అయింది. పాస్‌పోర్టు ఫోటోల కోసం ఉన్న ఒకే ఒక్క కోటు తలుపు వెనకాల మేకుకి చేరింది. ఫోటోలకి వచ్చేవాళ్ల బట్టలకి కంపు పట్టకుండా చేపల కూర ఆదివారానికి మార్చింది. చూడ్డానికి వచ్చినవాళ్లతో జాన్ పాల్ "అంతా నా ప్లానింగే" అన్నాడు. సిగ్గు అనేది కొందరికి పుట్టుకతో రాదు కాబోలు.

అన్నిటికన్నా ఆమెకి గుచ్చుకున్నది ముద్ర. ప్రతి ఫోటో వెనకాల "ఫోటో: జాన్ పాల్, నర్సీపట్నం" అని ఊదా రంగు రబ్బరు ముద్ర పడాలి. తను తీసి, తను కడిగి, తను ఆరబెట్టిన బొమ్మ మీద తన చేతులతోనే ఆయన పేరు కొట్టాలి. ఇక్కడి ఊళ్లవాళ్లు ఫోటో చేతికందగానే ముందు వెనక్కి తిప్పుతారు. ఎప్పుడు తీయించారో, ఎవరెవరున్నారో అక్కడే రాసుకుంటారు. మళ్లీ కాపీలు కావాలంటే, కొత్తగా ఎవరికైనా స్టూడియో చెప్పాలంటే, ఆ ముద్రే చూస్తారు. ఫోటోలు అందించేది రాణి గనక ఆమెకి ఇది తెలుసు. టీకొట్టులో ఉండే మనిషికి తెలియదు. బోర్డు మీద గానీ ముద్రలో గానీ తన పేరు కూడా వెయ్యమని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ ఆయన నవ్వాడు. ఆ నవ్వు ఆమె మర్చిపోలేదు.

రెండువేల ఒకటి మే నెలలో రావికమతం నుంచి హైస్కూలు మాస్టారు దయాకర్ బాబు గారు వచ్చారు. కూతురు షైని పెళ్లి, చర్చిలో. పెళ్లిరోజు రాణి కూడా బయల్దేరబోతుంటే జాన్ పాల్ అడ్డం పడ్డాడు.

"పెద్దోల్ల పెల్లి. పెల్లాన్ని ఎంటేసుకెల్తే అసిస్టెంటు నేకండా తియ్యలేడనుకుంతారు."

"పోనీ, రీలు నాను ఎక్కించి ఇత్తాను."

"నాకు రాదేటి?"

కొత్త కోటు వేసుకుని, రీలు తనే ఎక్కించుకుని, ఎర్ర బస్సెక్కి వెళ్లాడు. సాయంత్రం మెడలో ఇంకా వాడని దండతో, బిరియానీ వాసనతో తిరిగొచ్చాడు. కుర్చీలో చేరగిలబడి చెప్పాడు.

"ముప్పై ఆరు రీల్లో ఎన్ని తీసానో సెప్పు? నలభై రెండు! ఇంకా ఎల్తాదే గానీ నానే ఆపీసాను. చెయ్యి తిరిగినోడికి రీలు కూడా లొంగుతాదే."

రాణి చేతిలో గరిటె ఆగిపోయింది. ముప్పై ఆరు రీలు మహా అయితే ముప్పై ఎనిమిది ఇస్తుంది. నలభై రెండు ఇచ్చిందంటే అది తిరగనే లేదు. రీలు కొస పళ్ల చక్రానికి పట్టుకోకపోతే ఎన్నిసార్లు నొక్కినా లోపల ఫిల్ము కదలదు. రీలు జరిపే మీట తిప్పినప్పుడు రెండో పక్కనున్న గుండీ కూడా తిరుగుతోందా అని ఒక్క చూపు చూస్తే తెలిసిపోతుంది. ఆ ఒక్క చూపూ ఈయనకి బరువైంది. కెమెరా లాక్కుని బాత్‌రూములోకి వెళ్లి, ఎర్ర బల్బు కూడా ఆర్పి, మూత తీసి వేళ్లతో తడిమింది. ఫిల్ము నాలిక బెత్తెడు బయటికి వచ్చి, ఎక్కించినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ప్రమాణాలు లేవు, ఉంగరాలు లేవు, కేకు లేదు. ఆమె లైటు వేసి రీలు తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది.

పేరు నిలబెట్టుకునే మొగాడు ఎలా ఉంటాడో వారం తర్వాత చూసింది. దయాకర్ బాబు గారి గొంతు మెట్ల మీద వినపడగానే జాన్ పాల్ బాత్‌రూములోకి దూరి గడియ పెట్టుకున్నాడు.

"డార్క్ రూమ్‌లో ఉన్నానని సెప్పు" అని లోపల్నుంచి గుసగుస.

రాణి చెప్పలేదు. వచ్చినాయన్ని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఉన్న సంగతి చెప్పేసింది. దయాకర్ బాబు గారి మొహం నల్లబడింది.

"మా పిల్ల పెళ్లికి ఒక్క ఫోటో అయినా నేదా అమ్మా?"

రాణి నీలం తెరకేసి చూసింది. "శనివారం పిల్లనీ అల్లుణ్నీ తీసుకురండి మాస్టారూ. పెళ్లిబట్టలు కట్టుకుని రమ్మనండి. పాస్టరు గార్ని కూడా. ఇక్కడే తీస్తాను" అంది.

ఆయన వెళ్లాక బాత్‌రూము తలుపు తెరుచుకుంది.

"శనివారం నాను తీత్తాను. కానీ బోర్డు మీద నా పేరుండాల" అంది రాణి.

"బోర్డు మీద ఆడపేరా? నా పరువేటవ్వాల?" గుమ్మంలోనే నిలబడి ఆలోచించి, ఏదో గొప్ప దానం చేస్తున్నట్టు అన్నాడు. "కావాలంటే ఫోటో ఎనకాల నీ ముద్దర ఏసుకో. ఎనకాల ఎవులు సూత్తారు?"

రాణి ఆ సాయంత్రమే బజారుకెళ్లి రబ్బరు ముద్ర చేయించుకొచ్చింది.

శనివారం ఆ పది అడుగుల హాల్లో పెళ్లి నిలబడింది. షైని తెల్లచీర ఉంది గానీ మేలిముసుగు అరువుది, ఇచ్చేశారు. రాణి దోమతెర కత్తిరించి కుచ్చులు పెట్టింది. పాస్టరు వరదానం గారు గుమ్మంలోనే ఆగిపోయారు.

"ప్రమాణం దేవుడి ముందు ఒక్కసారేనమ్మా. కెమెరా కోసం రెండోసారి సేయించను."

"ప్రమాణం వద్దండి. బైబిలు పట్టుకుని నిలబడండి చాలు. నోరు మెదపకండి."

ఆయన పెదాలు బిగించి నిలబడ్డారు. ఫోటోలో అది మహా భక్తిగా వచ్చింది. బియ్యం డ్రమ్ము మీద రెండు చేతులు, రెండు ఉంగరాలు. నీలం తెర ముందు ఎండకి కమిలిన మొహాలు ఏ పౌడరూ లేకుండా వెలిగాయి. జాన్ పాల్ అలవాటు కొద్దీ షైని గడ్డం వైపు రెండు వేళ్లు చాపాడు. దయాకర్ బాబు గారు ఆ చేతికేసి ఒక్క చూపు చూశారు. చెయ్యి వెనక్కి వెళ్లిపోయింది. ముప్పై ఆరు అయ్యాక రీలు జరిపే మీట బిగుసుకుని ఆగింది. నిజంగా తిరిగిన రీలు అక్కడే ఆగుతుంది.

విశాఖపట్నం ల్యాబు నుంచి వచ్చిన ముప్పై ఆరింటి వెనకా ఆమె నింపాదిగా ముద్ర కొట్టింది. "ఫోటో: ఎస్తర్ రాణి, నర్సీపట్నం." జాన్ పాల్ పక్కనే పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు. తల కూడా ఎత్తలేదు. ఆయన బోర్డు భద్రంగా ఉంది కదా.

వానలు పడ్డాక ఒక రోజు కోటవురట్ల నుంచి జోగులమ్మ అనే ముసలావిడ మనవరాలిని వెంటబెట్టుకుని మెట్లెక్కి వచ్చింది. రాణి లోపల ఫోటోలు కడుగుతోంది. జాన్ పాల్ తలుపు తీశాడు.

"రాణిగారున్నారా బాబూ?"

"నానే ఫోటోగ్రాఫర్ని. రండి, కూకోండి."

జోగులమ్మ కదల్లేదు. షైని వాళ్లనడిగి తెచ్చుకున్న పెళ్లి ఫోటో సంచిలోంచి తీసింది. బొమ్మ వైపు చూడనైనా చూడకుండా వెనక్కి తిప్పి మనవరాలికి ఇచ్చింది. ఆ పిల్ల పైకి చదివింది.

"ఇందల నీ పేరు నేదు బాబూ. ఆవిడొచ్చీదాకా ఇక్కడే కూకుంతాం" అంది జోగులమ్మ.

జాన్ పాల్ ఆ ఊదా రంగు అక్షరాలకేసి చూస్తూ ఉండిపోయాడు. రాణి చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. ముసలావిడ ఆమెనీ, తలుపు దగ్గరున్న మనిషినీ మార్చి మార్చి చూసింది.

"ఈ బాబు నీకాడ పన్జేత్తన్నాడేటమ్మా?"

నాలుగేళ్లుగా నాలిక చివర ఆగిన మాటలు చాలా ఉన్నాయి. రాణి వాటన్నిటినీ మింగేసి, వాటిలో చిన్నదాన్ని మాత్రం బయటికి తీసింది.

"ఇంకా నేర్చుకుంటన్నారండి" అని, మొగుడి వైపు తిరిగి చెప్పింది. "కొంచెం ఆ లైటెయ్యండి."

ఆయన వెళ్లి లైటు వేశాడు.