గోడ మీది ఈల

దయ్యాలన్నా ఆత్మలన్నా నాకు మొదటి నుంచీ నవ్వులాటే. ఆర్మూర్‌లో ఒక ఫొటో స్టూడియోలో పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తాను. ఫొటోలో తెల్లటి మచ్చ కనబడితే చాలు, చనిపోయిన తాత వచ్చి దీవించాడంటూ పరుగెత్తుకొచ్చేవాళ్లుంటారు. లెన్స్ మీద దుమ్మండీ అని తుడిచి చూపిస్తాను. అలాంటి నేను ఇది రాస్తున్నాను. నమ్మమని ఎవరినీ అడగను.

పసుపు తవ్వకాలు అయిపోయాక, ఎండలు ముదురుతున్న రోజుల్లో మా నాయినకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, మాట రెండూ పోయాయి. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చాక కళ్లు తెరిచి చూసేవాడు గానీ ఎవరిని చూస్తున్నాడో తెలిసేది కాదు. మనుషుల్ని గుర్తుపట్టకపోవచ్చని డాక్టర్ ముందే చెప్పాడు. అమ్మకు ఆ ఒక్క మాటే పట్టుకుంది. అన్నం పెడుతూ, ఒళ్లు తుడుస్తూ నన్నే అడిగేది.

"బిడ్డా, మీ నాయిన నన్ను గుర్తువడ్తుండా?"

అప్పటికే నా లోపల అంతా మొద్దుబారిపోయింది. మందులు వెయ్యడం, స్టూడియోకు పోవడం, రావడం. అంతే.

ఎడమచేతికి పని చెప్పమన్నారని సుద్దముక్క ఇచ్చాం. మంచం పక్కనున్న నీలం గోడ మీద గీయడం మొదలుపెట్టాడు. రోజూ ఒకటే బొమ్మ. ఒక చిన్న వంపు, దాని పక్కన పెద్ద వంపు. తుడిస్తే మళ్లీ అదే గీసేవాడు.

అది గుడి ఉన్న గుట్ట అన్నాడు బాబాయి. మొక్కేదో మిగిలిపోయిందని తనే గుట్టెక్కి కొబ్బరికాయ కొట్టి, ఆయాసపడుతూ వచ్చాడు. కాదు, పసుపు కుప్పలంది అమ్మ. ఈసారి పంట అమ్ముకోలేదన్న బెంగేమోనని తట్టెడు పసుపు కొమ్ములు తెచ్చి మంచం దగ్గర పోసింది. నాయిన వాటి వంక చూడనైనా లేదు. ఇంట్లో పసుపు వాసన మాత్రం చాలా రోజులుంది.

నా ఫోన్‌లో ఒక యాప్ ఉంది. ఫొటో ఇస్తే దాన్ని శబ్దంగా మారుస్తుంది. బొమ్మను ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతుంది. గీత పైకి లేస్తే స్వరం సన్నబడుతుంది, కిందికి దిగితే బొంగురుపోతుంది. తెల్లగా ఉన్నచోట గట్టిగా మోగుతుంది, ముదురు రంగున్నచోట ఊరుకుంటుంది. పెళ్లి వీడియోల టైటిళ్లకు వింత శబ్దాలు కావాలని పెట్టుకున్నాను. ఒక మధ్యాహ్నం ఏమీ తోచక ఆ గోడను ఫొటో తీసి, అందులో వేసి నొక్కాను.

ఒక చిన్న ఈల. దాని వెనకే పెద్ద ఈల.

పెరట్లో బట్టలు ఆరేస్తున్న అమ్మ "ఆఁ, వస్తున్న" అంది.

చేతులు తుడుచుకుంటూ వచ్చి గడపలోనే ఆగిపోయింది. మా వైపు ఆ తరం మగవాళ్లు భార్యను పేరు పెట్టి పిలవరు. నాయిన ఎప్పుడూ ఈలే వేసేవాడు. చేను నుంచి వచ్చి వాకిట్లో నిలబడి చిన్నదొకటి, పెద్దదొకటి. ఎడ్లను పిలిచినట్టు పిలుస్తాడని మా మేనత్తలు ఆటపట్టించేవాళ్లు. పుట్టినప్పటి నుంచి వింటున్నదే, గోడ మీద కనబడితే పోల్చుకోలేకపోయాను.

అమ్మ మంచం మీద కూర్చుని నాయిన చెయ్యి పట్టుకుంది. "నేనే. వచ్చిన గదా" అంది. నాయిన చూపు ఆమె మీద నిలిచింది. నాకైతే నిలిచిందనే అనిపించింది. ఆ రోజు నుంచి అమ్మ నన్ను ఆ ప్రశ్న అడగలేదు.

ఇంతవరకు వింతేమీ లేదని నేనూ ఒప్పుకుంటాను. ఎవరు రెండు వంపులు గీసినా ఆ యాప్‌లో రెండు ఈలల్లాగే వినబడతాయి.

వానలు మొదలయ్యాక నాయిన నిద్రలోనే పోయాడు. నాకు ఏడుపు రాలేదు. చుట్టాలకు ఫోన్లు చేశాను, టెంట్ మాట్లాడాను, వచ్చినవాళ్లకు చాయ్ పోశాను. స్నానం చేయించేటప్పుడు బాబాయి ఆయన ఎడమ గుప్పిట విప్పి సుద్దముక్క తీశాడు. అప్పుడే గోడ వైపు చూశాను.

రెండు వంపుల పక్కన ఇంకో గీత ఉంది. తిన్నగా సాగి, పోనుపోను పలచబడి, తలుపు చట్రం దాకా పోయింది. ముందురోజు సాయంత్రం ఆ తలుపు పక్కనే నిలబడి లైటు వేశాను. అప్పుడు లేదు. నాయిన మంచం మీద లేచి కూర్చోలేడు, అక్కడికి ఆయన చెయ్యి అందదు. ఇంట్లో ఉన్నది మేం ముగ్గురమే. అమ్మ గీయలేదంది, నేను గీయలేదు. ఎందుకో తెలియదు, ఫొటో మాత్రం తీసిపెట్టుకున్నాను.

దినాలు అయ్యాక ఒక పగలు దాన్ని మోగించాను. చిన్న ఈల, పెద్ద ఈల, ఆ తర్వాత ఆగకుండా పొడుగ్గా సాగి సాగి, దూరమైపోయి వినబడకుండా పోయిన ఈల. అలాంటిది నేనెన్నడూ వినలేదు.

వంటింట్లోంచి అమ్మ గొంతు వినబడింది.

"మంచిది. జల్ది రా."

నేను లోపలికి పోయేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"గది పిలుసుడు గాదు బిడ్డా. పసుపు బస్తాలేసుకొని మార్కెట్‌కు పోయేటప్పుడు, పోయొస్త అని చెప్పుడు. నువ్వు లేవకముందే పోతుండె. నీకెట్ల ఎరుక?"

నాకు ఎరుక లేదు. ఆ గీత ఎవరు గీశారో, అంత దూరం ఎలా పోయిందో ఇప్పటికీ తెలియదు. గోడకు సున్నం వేసేశాం.

పొద్దుగూకితే నేను వాకిలి గొళ్లెం పెట్టబోతాను. అమ్మ పెట్టనివ్వదు.

"ఉండనీ" అంటుంది. "జల్ది రమ్మన్న గదా."