మూడు ముక్కలైన డప్పు దెబ్బ

మా బామ్మర్ది డప్పును స్టూడియోలో గొంతు పిసికి చంపిండ్రు. పైగా ఆ పనికి మాస్టరింగ్ అని పేరు పెట్టిండ్రు. ఇన్నేళ్లయినా నా కోపం చల్లారలేదు, చల్లార్చుకునే ఉద్దేశమూ లేదు.

ఆ రోజుల్లో నాకు యాభై దాటిపోయినా, కంప్యూటర్ ముందర మాత్రం ఇంకా పాలపళ్లు ఊడని పిల్లగాణ్ణే. ఖమ్మంలో ఆంప్లిఫయర్లు బాగుచేసుకుని బతికినవాణ్ణి. బడి చదువు మధ్యలోనే ఆగింది; మిగతాది కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్లు నేర్పినయి. డీజే పాట ఒకటి చెయ్యాలని బుద్ధి పుట్టి (మా ఆవిడ దాన్ని బుద్ధి అనేది కాదు, తెగులు అనేది), కారేపల్లి పోయి మా బామ్మర్ది చేత డప్పు కొట్టించి రికార్డు చేసిన. వాడు డప్పు పట్టే ముందు గడ్డి మంట మీద తోలును అటూ ఇటూ తిప్పి కాపుతడు; వేలితో మీటితే కణ్‌మని పలికినాకనే భుజానికి వేసుకుంటడు. ఆ కణకణల కింద నేను కంప్యూటర్ బేసు పరిచిన. పాటకు చేసే ఆఖరి మెరుగు పనికి, అదే ఆ మాస్టరింగ్‌కు, నా మీద నాకే నమ్మకం చాలక, ఫైలు తీసుకపోయి ఒక స్టూడియో ఇంజనీరు చేతుల పెట్టిన.

ఆయన దానికి మల్టీబ్యాండ్ లిమిటర్ తగిలించిండు. చప్పుడు ఒక హద్దు దాటకుండ పట్టి ఉంచేది లిమిటర్. మల్టీబ్యాండ్ అంటే పాటను బేసు, నడిమి, పై శబ్దాలుగా చీల్చి దేని హద్దు దానికి పెట్టడం. అది చెడ్డదేం కాదు. బేసు ఎగిరిపడ్డప్పుడల్లా మిగతా పాటంతా కుంగిపోకుండ కాపాడతది. కానీ ఈ మహానుభావుడు మూడింటినీ నేలకు అదిమి, ఆపైన మొత్తం సౌండు పెంచిండు. డప్పు దెబ్బ అంటే ఒక్కటే దెబ్బ సార్! అడుగున దం, పైన కణ్, రెండూ ఒకే క్షణంలో పుడతయి. దాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్క నెత్తిన ఒక్కో బండ పెడితే ఏం మిగులుతది? అట్టపెట్టె మీద చెప్పు దెబ్బ మిగిలింది.

నేను విని మొత్తుకునేలోగా పాట డీజే బండ్లకెక్కింది. తిరుమలాయపాలెం దిక్కు ఒక ఊరేగింపులో అది మోగుతుంటే, అక్కడే ఉన్న మా బామ్మర్దిని పట్టుకుని జనం ఆడుకున్నరట. "ఏందన్నా, వానల నానిన డప్పు కొట్టినవా?" అని ఒకడు, "ఇంట్ల అగ్గిపెట్టె లేకుండెనా?" అని ఇంకొకడు. కాపని డప్పు కొట్టినవనడం వాడికి చిన్న మాట కాదు. వెంటనే నాకు ఫోను.

"బావా, నేను కాపకుండ ఎన్నడన్న కొట్టిన్నా?"

"లేదు రా."

"మరి గా పాటల ఉన్నది ఎవని డప్పు?"

"నీదే, కాకపోతే ఆ లిమిటర్..."

"గా లిమిటర్‌నే పిలుచుకో నీ బిడ్డ పెండ్లికి. మేనమామ రాడు."

మా చిన్నబిడ్డ పెళ్లి ఆ నెలలోనే ఉంది. పెళ్లికూతుర్ని గంపలో ఎత్తుకొచ్చేది మేనమామ. వాడే రాకపోతే మా ఇంట్ల అది పెళ్లే కాదు. మా ఆవిడ ఏడ్చుడు అయినాక తిట్టుడు మొదలుపెట్టింది. "మా తమ్ముని డప్పు నోరు మూయించినవు. ఇగ నా నోటికి పెట్టు ఆ లిమిటర్, చూస్త!"

చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండ స్టూడియోకు ఉరికిన.

"పెద్దాయనా, ఇది డాన్స్ మ్యూజిక్. అందరూ గిట్లనే చేస్తరు," అన్నడు ఇంజనీరు, కుర్చీల నుంచి లేవకుండనే.

"గట్టిగ మోగాలంటే డప్పు చావాల్నా?"

"పక్క బండి పాట కన్న తగ్గితే మీరే తిడతరు."

"ఇప్పుడు తిడుతలేనా ఏంది?"

స్క్రీన్ మీద అంచుల దాక ఇటుక లెక్క నిండిన పాట గీతల బొమ్మను చూపించి మురిసిపోయిండు (ఇటుక లోపల ఎవరన్న డప్పు కొడతరా?). ఒక్క మీట కూడా వెనక్కు తిప్పనన్నడు.

ఇంటికొచ్చి, ఆయన్ను తిట్టుకుంటనే ఆ పని నేర్చుకున్న. బేసుకు మాత్రం హద్దు గట్టిగ పెట్టి, పైవాటిని ముట్టీ ముట్టనట్టు వదిలిన. మూడూ కలిసి ఒక్క దెబ్బగా లేచేదాక కుర్చీ దిగలే. పాట కాస్త చిన్నగనే అయింది. అయితే ఏం, సౌండు పెంచుకోను డీజేవాడికి చేతుల్లేవా? దాన్ని మా బామ్మర్దికి వాట్సాప్‌ల పంపి, వెంబడే నా గొంతుతో ఒక పెద్ద ఉపన్యాసం కూడా పంపిన. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే నవ్వొస్తది. అలిగిన మేనమామను "రారా" అని ఒక్క మాట బతిమాలకుండ, బేసు హద్దుకూ పై హద్దుకూ తేడా ఏందో విడమరిచి చెప్పిన మొనగాణ్ణి! నీలి టిక్కులు పడ్డయి గానీ జవాబు లేదు. పందిరి వేసిండ్రు, చుట్టాలు దిగిండ్రు, మా ఆవిడ నాతో మాట్లాడుడు మానేసింది. పెళ్లి ముందురోజు పొద్దున ఫోను మోగింది. వాయిస్ మెసేజ్.

"బావా, ఇన్న. అవ్, గిది నా డప్పే. నీ ఉపన్యాసం మాత్రం సగంల నిద్రపట్టింది. రేపు జల్దీ వస్త, డప్పు తెస్త, డీజే బండిని వాపస్ పంపు. పిల్లను నేను ఎత్తుకొచ్చేదాక డప్పు నువ్వే పట్టుకోవాలె. పట్టుకో, గంతే. ఏదీ తిప్పకు!"