మౌంటు కింది వాక్యం

మా వీధిలో ఫొటోలకు చట్రాలు కట్టే ఆవిడను అందరూ ఫ్రేముల అక్క అంటారు. ఆవిడకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు, ఆవిడా పలుకుతుంది. ఆ దుకాణానికి ఆనుకునే నేను బట్టలు కుడతాను. మధ్య గోడ ఎంత పలచనంటే, అక్క అద్దం కోస్తుంటే నా పళ్ళు జివ్వుమంటాయి; నేను మిషను తొక్కుతుంటే ఆవిడ మేకుల డబ్బా గలగలలాడుతుంది. పదహారేళ్ళుగా ఇలా ఒకరినొకరం విసిగించుకుంటూ బతుకుతున్నాం.

ఫొటోకీ చట్రానికీ మధ్య ఒక మందపాటి అట్ట వేస్తారు. దాన్ని మౌంటు అంటారు. నడుమ కిటికీలా కోసి, అందులోంచి ఫొటో కనపడేలా బిగిస్తారు. ఏది కనపడాలో, ఏది దాగాలో ఆ కోతలోనే ఉంటుంది. ఆ కోతలో అక్కను మించినవాళ్ళు లేరు. గుంపు ఫొటోలో ఓ మూల నిలబడ్డ పడని బంధువు, పసిపిల్ల గౌను మీది పాల మరక, చిరిగిన అంచు, అన్నీ మౌంటు కిందికి వెళ్ళిపోయేవి. నా నలభై అయిదో పుట్టినరోజు ఫొటోలో నా పొట్ట కూడా అక్కడికే వెళ్ళింది. నేను అడగలేదు. తనే దయతలచి ఛాతీ దాకా కోసి ఇచ్చింది.

ఇంకో అలవాటు కూడా ఉంది అక్కకు. చేతికొచ్చిన కాగితం చదవదు. చట్రాల పని నేర్పిన వాళ్ళ నాన్న మొదటిరోజే చెప్పాడట: జనం పోయినవాళ్ళ ఉత్తరాలు తెస్తారు, ఎవరికీ చూపించని రాతలు తెస్తారు, అవి చదవడమంటే పరాయి ఇంట్లోకి తొంగి చూడటమే, అంచులు చూసి కొలత తీసుకుంటే చాలు అని. అక్క ఈ మర్యాదను ఎంత గట్టిగా పట్టుకుందంటే, ఒకసారి మా అమ్మాయి పట్టాను తలకిందులుగా బిగించి ఇచ్చింది. గోడకు కొట్టిన మూడు నెలలకు గానీ మా ఇంట్లో ఎవరమూ కనుక్కోలేదు. ఆ సిగ్గు మాది.

అక్కకు ఒక్కతే చెల్లెలు. బట్టల కొట్లో బిల్లింగ్ కౌంటరు దగ్గర పొద్దస్తమానం నిలబడే ఉద్యోగం. కవల పిల్లలు పుట్టాక ఆమె పొట్ట చర్మం సాగి, మడత పడి, అలాగే ఉండిపోయింది. పిల్లలకు తొమ్మిదేళ్ళు వచ్చాయి, పొట్ట మాత్రం వాళ్ళు మొన్ననే బయటికొచ్చినట్టు ఉంది. తిండి మానింది, నడిచింది, పడుకుని కాళ్ళెత్తింది. ఒళ్ళంతా తగ్గింది గానీ అది తగ్గలేదు.

రోజూ ఆమె ఎక్కే బస్సులో ఒక పెద్దాయన ఉండేవాడు. ఆమెను చూడగానే లేచి సీటిచ్చేవాడు. మొదటిసారి ఎందుకో అర్థంకాక కూర్చుంది. రెండోసారి అర్థమైంది, కానీ అంత ప్రేమగా లేచినవాడికి ఏమని చెప్తుంది? కూర్చుంది. అలా కూర్చుంటూనే ఏడాది గడిచాక ఒకరోజు ఆయన వంగి, మెల్లిగా, "ఇంకా కాలేదా తల్లీ?" అని అడిగాడట. ఆ కథ నా దుకాణంలో కూర్చుని తనే చెప్పింది. ఇద్దరం కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాం. నేను నవ్వడం ఆపాక కూడా ఆమె కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. ఆ వారమే ఆపరేషన్ మాట ఎత్తింది. సాగిన చర్మం కోసి తీసి, పొట్ట బిగించి కుడతారట. టమ్మీ టక్ అంటారట.

అక్క ముందు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడి ప్లాస్టిక్ సర్జన్‌ది ఇరుకు గది, కిర్రుమనే ఫ్యాను, పోయినేటి క్యాలెండరు. గోడ మీద ఒక్క పట్టా లేదు. అన్నిటికన్నా, ఆయన పొట్ట ఆయనకంటే ముందు గదిలోకి వచ్చింది. చెల్లెలికి అక్కడే నమ్మకం పోయింది. ఆయన మాత్రం ఓపిగ్గా చూశాడు. లోపలి కండరాలు రెండు పక్కలకూ విడిపోయాయని, ఒంట్లో షుగరు ఉందని, అది అదుపులోకి వచ్చేదాకా నాలుగు నెలలు ఆగాలని చెప్పాడు. ఇది ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా కోసే పెద్ద ఆపరేషన్ అనీ, ఎక్కడ చేయించుకున్నా డాక్టరు చదివింది ఈ సర్జరీయేనా, మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరుందా, మత్తు ఇచ్చేది ఎవరు, ఏదైనా తేడా వస్తే చూసుకునే వసతి ఉందా అని అడగమనీ చెప్పాడు.

"నన్నూ అడగండమ్మా. అడిగితే కోపం తెచ్చుకునే డాక్టరు దగ్గర చేయించుకోకండి," అన్నాడు.

చెల్లెలు అడగలేదు. బయటికొచ్చి, తన పొట్ట తనే తగ్గించుకోలేనివాడు నా పొట్ట ఏం తగ్గిస్తాడు అంది. అక్క కూడా నవ్వేసింది.

రెండోది కొత్త క్లినిక్. లోపల చల్లగా, పూల వాసన. డాక్టరు మాటలో తేనె. కుర్చీ వెనక గోడ నిండా పదకొండు బంగారు రంగు చట్రాలు. ఆ పదకొండూ మా అక్క కట్టినవే. చెల్లెలు వాటిని చూడగానే అక్క చెయ్యి పట్టుకుందట, మనింటికి వచ్చినట్టుంది అని. అక్క లేచి వెళ్ళి, కాస్త వాలిన చట్రం ఒకటి సరిచేసి వచ్చింది. డాక్టరు ఆగడం గీగడం ఏమీ చెప్పలేదు. మూడు వారాల్లో తేదీ ఇచ్చాడు.

మర్నాడు చెల్లెలు నీలం గుడ్డ ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. నడుం దగ్గర పట్టి ఉండే గౌను కుట్టమంది. కొలత ఎలా తీయనే అంటే, "నాలుగు అంగుళాలు తగ్గించి రాసుకో వదినా," అంది. లేని నడుముకు కొలత రాసుకోవడం నాకదే మొదటిసారి.

ఆపరేషన్ ఇంకా ఆరు రోజులుందనగా క్లినిక్‌లో పనిచేసే ఒకావిడ పగిలిన చట్రం ఒకటి తెచ్చింది. అద్దం మార్చాలట. అక్క వెనక మేకులు పీకి, కాగితాన్ని బయటికి తీసింది. అద్దం పెంకులు ఇరుక్కున్నాయేమో అని దగ్గరగా పెట్టుకుని చూసింది. అప్పుడు కనపడింది, మౌంటు కింద ఉండిపోయిన ఆఖరి వాక్యం. చర్మ సౌందర్యం మీద మూడు రోజుల తరగతులకు హాజరైనందుకు ఇచ్చిన పత్రం అది. డాక్టరే, కానీ ఈ ఆపరేషన్ చదివిన డాక్టరని అందులో ఎక్కడా లేదు.

రెండేళ్ళ కిందట ఆయన తెచ్చినప్పుడు, కింది అక్షరాలు మరీ చిన్నవి, చూడ్డానికి బాలేదు, కప్పేయమన్నాడట. అక్క చదవకుండానే రెండు వేళ్ళ వెడల్పు కప్పేసింది. మిగిలిన పదింటి కొలతలు ఆవిడకు ఇప్పటికీ నోటికి వచ్చు. వాటిలో ఏం రాసి ఉందో ఒక్కదాని సంగతీ తెలియదు.

ఆ సాయంత్రం గోడ అవతలి నుంచి చప్పుడు లేదు. మర్నాడు అక్క కొత్త అద్దం వేసి, అదే మౌంటు మళ్ళీ పెట్టి, చట్రం తనే పట్టుకెళ్ళింది. గోడకు తగిలిస్తూ, ఈ మూడు రోజులవేనా డాక్టరుగారూ, ఇంకేమైనా ఉన్నాయా అని అడిగింది. ఆయనకు కోపమేమీ రాలేదు. "కాగితాలదేముందమ్మా, చేయి తిరగాలి. మీ చెల్లెలంటే నాకూ చెల్లెలే," అన్నాడు. అక్క చట్రం వాలకుండా సరిచేసి వచ్చేసింది.

దారిలో తనకు తనే సర్దిచెప్పుకుంది. మిగతా పదింటిలో ఏదో ఒకటి అసలైనదై ఉంటుంది అనుకుంది. చెల్లెలింటికి వెళితే ఆమె అద్దం ముందు నిలబడి, పొట్ట చేతులతో వెనక్కి నొక్కిపట్టుకుని, పక్కకు తిరిగి చూసుకుంటోంది. అక్క చెప్పలేదు.

ఆపరేషన్ అయింది. మూడో రోజుకు జ్వరం. అయిదో రోజుకు బొడ్డు కింద చర్మం నల్లబడింది. క్లినిక్‌కి ఫోను చేస్తే మామూలే అన్నారు, మళ్ళీ చేస్తే ఎత్తలేదు. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేసరికి ఆమెకు తెలివి లేదు. ఆ ఫ్యాను కిర్రుమనే గది డాక్టరే పరుగున వచ్చాడు. రక్తం అందక చచ్చిపోయిన చర్మాన్ని మూడుసార్లు కోసి తీశాడు, తొడ మీది చర్మం తెచ్చి అతికించాడు. మనిషి దక్కింది. ఏడు వారాలు పట్టింది. కట్టు మార్చేటప్పుడు ఒకసారి నేనూ చూశాను. కుట్టు తెలిసినదాన్ని కాబట్టి ఎక్కువసేపు చూడలేకపోయాను. ఇప్పుడామె నిటారుగా నిలబడలేదు. ముందుకు వంగి, కడుపుకు చెయ్యి అడ్డం పెట్టుకుని నడుస్తుంది. నిలబడే ఉద్యోగం పోయింది. పొద్దున పూట వచ్చి అక్క దుకాణంలో కూర్చునేది.

ఆ క్లినిక్ మీద ఫిర్యాదు రాస్తున్నాననీ, ఆ పట్టాలు చూసినవాళ్ళెవరైనా ఉంటే సాక్ష్యం కావాలనీ పెద్దాసుపత్రి డాక్టరు అక్కతో అన్నాడు. సాక్ష్యం చెప్పాలంటే మౌంటు సంగతి చెప్పాలి. అది ముందు చెల్లెలికి చెప్పాలి.

చెప్పింది. గోడకు ఇవతల నేను మిషను ఆపి కూర్చున్నాను. వినకూడదని తెలుసు, అయినా విన్నాను.

చెల్లెలు ఒక్కటే అడిగింది. "నువ్వది చదివింది ఆపరేషన్‌కి ముందా, తరవాతా?"

అబద్ధం చెప్పడానికి అంతకన్నా సులువైన ప్రశ్న ఉండదు. అక్క, "ముందే," అంది.

"చెప్పినా నేను వినేదాన్ని కాదేమో అక్కా. కానీ అప్పుడు తప్పు నాదయ్యేది. నాకు అది కూడా లేకుండా చేశావు."

కుర్చీ జరిగిన చప్పుడు. మెట్లు దిగడానికి ఆమెకు ఎంతసేపు పట్టిందో నాకు వినపడింది. అక్క పట్టుకోవడానికి వెళ్ళలేదు, వెళితే విదిలించుకుంటుందని కాబోలు.

అక్క వెళ్ళి సాక్ష్యం చెప్పింది. కప్పింది నేనే అని సంతకం కూడా పెట్టింది. విచారణ ఇంకా నడుస్తోంది. ఇప్పుడు ఏ కాగితం వచ్చినా ముందు పెదాలు కదుపుతూ ఆఖరి అక్షరం దాకా చదువుతుంది. తెచ్చినవాళ్ళు విసుక్కుంటారు. ఒకాయన ప్రేమలేఖ తెచ్చి, సిగ్గుపడి, చదవనివాళ్ళ దగ్గర కట్టించుకుంటానని తిరిగి తీసుకెళ్ళిపోయాడు.

చెల్లెలు రెండు నెలలు రాలేదు. నీలం గౌను నా దగ్గరే కొక్కేనికి వేలాడుతోంది. తను అడగనూ లేదు, నేను చెప్పనూ లేదు.

మొన్న పొద్దున బస్సు దిగి, మెల్లిగా గోడ పట్టుకుంటూ వచ్చి, అక్క గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు. వీధిలోకి చూస్తూ అంది:

"ఆ బస్సు పెద్దాయన ఇవాళ కూడా లేచాడు. ఈసారి ఏమీ అడగలేదు."

అక్క నవ్వలేదు. బల్ల మీది అద్దం పెంకులు చేత్తోనే పక్కకు తుడిచేసి, స్టూలు తెచ్చి గుమ్మం దగ్గర వేసింది. చెల్లెలు దానివైపు కాసేపు చూసి, కడుపు పట్టుకుని, కూర్చుంది.