రెండో ఖాతాదారు

నేను పుట్టుకతో అనుమానపు మనిషిని కాను. మెట్ట సేద్యం చేసేవాడికి ఆ జబ్బు దానంతట అదే అంటుకుంటుంది. మబ్బు పట్టినా నమ్మం, నాలుగు చినుకులు రాలినా నమ్మం. దానికి తోడు తొంభైల చివర్లో ఒక ఫైనాన్సు కంపెనీ వాళ్ళు మా వైపు ఆఫీసు తెరిచి, గోడ నిండా దేవుళ్ళ పటాలు తగిలించి, మేము వేరుశనగ అమ్మిన డబ్బంతా పోగేసుకుని ఒకరోజు బోర్డు తిప్పేశారు. అప్పటినుంచి ఎవరైనా నవ్వుతూ నమస్కారం పెడితే ముందు జేబు తడుముకోవడం నాకు అలవాటైంది.

అలాంటి నేను ఆన్‌లైన్ ఖాతా తెరిచానంటే అది మా బామ్మర్ది మహిమ. అతను బెంగళూరులో కంప్యూటర్ల ఆఫీసులో పని చేసేవాడు. ఆ ఏడాది మేత దొరక్క, ఉగాది ముందే మా గొర్రెలు అమ్మేశాం. మా గొర్రెలు అనడం తప్పు, అవి మా ఆవిడవి. పుట్టింటివాళ్ళు ఇచ్చిన రెండు పిల్లలను సాకి మంద చేసింది. సంతలో కొన్నవాళ్ళ చేతికి తాళ్ళు ఇస్తూ ఏడ్చింది కూడా. "ఈ దుడ్లు విత్తనానికే. ఇంక దేనికీ ముట్టుకునేది లేదు. ఖాతాలో నా పేరు గూడా ఉండాల" అని అక్కడే మాట తీసుకుంది.

విత్తనం కొనేదాకా డబ్బు ఎక్కడ పెట్టాలన్నది ప్రశ్న. బామ్మర్ది ఫోన్ చేసి, "బావా, కొత్త బ్యాంకొకటి వచ్చిండాది. అంతా కంప్యూటర్లోనే. వడ్డీ ఎక్కువిస్తాండారు" అన్నాడు.

"బ్రాంచి యాడుండాది?"

"బ్రాంచి ఉండదు బావా."

"రేపు గొడవొస్తే ఎవని కాలరు పట్టుకోవాలప్పా మరి?"

అతను నవ్వాడు. వడ్డీ మాట మాత్రం నా చెవిలో ఉండిపోయింది. అనుమానం ఎంత ఉన్నా ఆశ దాని నెత్తిన కూర్చుంటుంది. ఇద్దరి ఫోటోలు అంటించాం, ఇద్దరం సంతకాలు చేశాం. డబ్బు చెక్కు రూపంలో పంపితే చప్పుడు లేకుండా తీసుకున్నారు. వేసేటప్పుడు ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. నాకు అప్పుడే తెలియాల్సింది.

ఆ తర్వాత కళ్యాణదుర్గం పోయినప్పుడల్లా ఇంటర్నెట్ సెంటర్లో దూరి డబ్బు చూసుకునేవాణ్ణి. సెంటరు కుర్రాడు తెర మీద అంకె చూపించి పది రూపాయలు తీసుకునేవాడు. నా సొమ్ము నేను చూసుకోవడానికి వాడికి సుంకం. అంకె అక్కడే ఉండేది. తాకడానికి నోట్లు ఉండవు, అడగడానికి మనిషి ఉండడు. అద్దాల బీరువాలో మిఠాయి చూసి వచ్చినట్టు వచ్చేవాణ్ణి.

జూన్ దాటుతుండగా మంచి పదును వాన పడింది. తెల్లారేసరికి ఊరంతా విత్తనాల గొర్రు కట్టారు. మా చేలల్లో తడి ఎక్కువ రోజులు ఆగదు, ఎండ కాస్తే నాలుగు రోజుల్లో నేల గట్టిపడుతుంది. ఆలోపు విత్తనం పడకపోతే ఆ ఏడాదికి అంతే సంగతి. నేను పొద్దున్నే బస్సెక్కి సెంటరుకు పోయి, "నా పాత బ్యాంకులోకి మార్చప్పా" అన్నాను. కుర్రాడు ఏవేవో నొక్కాడు. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి.

"వెరిఫికేషన్ పెండింగంట అన్నా. దుడ్లు వేసుకోవచ్చంట గానీ తీసుకోను పనికిరాదంట."

ఎలుకల బోను కూడా అంతే, లోపలికి పోవడానికి అడ్డముండదు. ఈ కుర్రాడే ఏదైనా తప్పు నొక్కాడేమోనని మళ్ళీ చేయించాను. మళ్ళీ ఎర్ర అక్షరాలే. పక్కనే ఉన్న ఎస్టీడీ బూతులోంచి ఆ బ్యాంకు నంబరుకు ఫోన్ చేశాను. ఒకటి నొక్కమంది, మూడు నొక్కమంది, సన్నాయి వినిపించింది. బూతు మీటరు తిరుగుతోంది. చివరికి ఒక అమ్మాయి పలికింది. నా వివరాలన్నీ అడిగి, సరిపోయాయని చెప్పి, "మీ వైపు నుంచి ఓకే సార్. రెండో ఖాతాదారుగారు వెరిఫికేషన్‌కి కోఆపరేట్ చేయలేదండీ. చాలాసార్లు కాల్ చేశాం" అంది.

"రెండో ఖాతాదారంటే ఎవరమ్మా?"

"మీ మిసెస్ సార్."

మళ్ళీ ఒక్కసారి ఫోన్ చేయండని బతిమాలితే, మరుసటి రోజు పగటిపూట ఎప్పుడైనా చేస్తామంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని కేసు మొత్తం అల్లేశాను. బ్యాంకు చూపించింది ఎవరు? ఆమె తమ్ముడు. ఖాతాలో పేరు ఉండాలన్నది ఎవరు? ఆమె. గొర్రెలు అమ్మిన రోజు ఏడ్చింది ఎవరు? బామ్మర్ది బెంగళూరులో సైటు కొనాలని ఎన్నాళ్ళుగానో తిరుగుతున్నాడు. అక్కాతమ్ముళ్ళు కలిసి నన్ను వాన నీళ్ళలో ముంచారు. దారి పొడుగునా చేలల్లో జనం విత్తుతున్నారు. ఫైనాన్సు కంపెనీ ముంచినప్పుడు కూడా నాకు అంత బాధ కలగలేదు.

ఇంటికి పోయి చెప్పులు కూడా విడవకుండా అడిగాను. "బ్యాంకోళ్ళు ఫోన్ చేస్తాండారంట గదా. నాకెందుకు చెప్పలేదు?"

ఆమె చేట పట్టుకుని రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తలేదు. "ఎవరో ఆడపిల్ల చేసింది. అది బ్యాంకో ఏమో నాకేం తెలుసు. మీ ఇంటాయన పేరేమి అని అడిగింది. ముక్కూ మొగం తెలీనోళ్ళు ఇంటికి ఫోన్ చేసి మొగోని పేరు అడిగితే చెప్తారా ఎవరన్నా? ఈ సీమలో?"

"నీ పేరు, నీ పుట్టిన తేదీ చెప్పినావు గదా?"

"నాది చెప్పినా. నాదానికేమి."

"మరి నాది?"

ఆమె చేట కింద పెట్టింది. "మా పెద్దోని నాయన అని చెప్పినా. అది పేరు గాదు అనింది. దేవుని పేరే పెట్టిండారులే అంటే, ఏ దేవుడు అనింది. నేనెట్ల చెప్పేది? ఇన్నేండ్లలో ఎప్పుడన్నా నా నోట విన్యావా?"

వినలేదు. మొగుడి పేరు పలికితే అతని ఆయుష్షు తరుగుతుందని మా అత్త చెప్పి పంపింది. జనాభా లెక్కలవాళ్ళు వచ్చినా, రేషను డీలరు అడిగినా పిల్లలు చెప్పేవాళ్ళు. పిల్లలు బడిలో ఉన్న వేళ చూసి బ్యాంకు ఫోన్ చేసింది. బస్సులో కట్టిన కేసంతా అక్కడే వీగిపోయింది. నాకు కోపం దిగలేదు, ఎవరి మీద చూపించాలో మాత్రం తెలియలేదు.

"చెప్పకుంటే విత్తనం లేదు" అన్నాను. ఆ రాత్రి ఇద్దరం సరిగ్గా తినలేదు.

మరుసటి రోజు ఎండ బాగా కాసింది. చేనుకు పోయి మట్టి పిసికి చూసి, ఇంటికొచ్చి ఫోన్ పక్కన కూర్చున్నాను. మధ్యాహ్నం దాటాక మోగింది. ఆమె రిసీవరు ఎత్తబోతూ నా వైపు తిరిగి, "నువ్వు బయటికి పో" అంది.

పోయాను. పోయి కిటికీ కింద నిలబడ్డాను. చెప్తుందో లేదోనని అప్పుడు కూడా అనుమానమే. తన పేరు చెప్పింది, ఊరు చెప్పింది. తర్వాత చాలాసేపు ఏమీ వినిపించలేదు. లైను తెగిందనుకున్నాను. అప్పుడు నా పేరు, ఇంటిపేరుతో సహా, గుసగుసగా పలికింది. అవతల వినబడలేదట. మళ్ళీ చెప్పమన్నారు. ఈసారి గట్టిగా, వీధిలోకి వినబడేటట్టు చెప్పింది.

నా పేరు నాకే కొత్తగా వినిపించింది. సిగ్గేసింది, సంతోషమూ వేసింది. నేను నవ్వుకుంటూ లోపలికి పోతే ఆమె నవ్వలేదు. గుప్పెడు ఉప్పు తెచ్చి నా చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. "సైకిలెక్కొద్దు. బావికాడికి పోవద్దు" అంది.

డబ్బు రెండో రోజుకు వచ్చింది. విత్తనం తెచ్చేసరికి నేల పైన ఆరిపోయినా అడుగున తడి మిగిలే ఉంది. నేను ఎద్దుల్ని తోలుతుంటే, ఆమె గొర్రు వెనక నడుస్తూ, దాని పైన ఉండే గిన్నెలో, జడ్డిగంలో గింజలు వదిలింది. ఆ పనిలో మా ఊళ్ళో ఆమెకు సాటి లేదు. గింజ గింజకీ బెత్తెడు దూరం కొలిచినట్టు పడుతుంది. ఆ రోజు మొదటి సాళ్ళలోనే గింజలు జడ్డిగం బయట పడుతుండడం చూశాను. మళ్ళీ పాత అనుమానం లేచింది. గొర్రెలు పోయిన కోపం విత్తనం మీద చూపిస్తోందనుకున్నాను.

"కండ్లు యాడ పెట్టినావు? విత్తనం పక్క చూడు" అని కసిరాను.

ఆమె నా వీపు మీదనుంచి చూపు తిప్పలేదు. "విత్తనం యాడికీ పోదు" అంది. "నువ్వు అడుగు చూసి వెయ్యి."

ఆ సాళ్ళలో మొలక పలచగా వచ్చింది. ఊళ్ళో వాళ్ళు ఎందుకని అడిగితే, విత్తనాల కొట్టతను మోసం చేశాడని చెప్పాను.