భుజం మీద బూడిద

నా చిన్నప్పుడు మా ఊళ్లో కర్రసాము నేర్పేది మా తాతయ్య ఒక్కడే. మాది దివిసీమలో సముద్రాన్ని ఆనుకున్న ఊరు. ఏ ఇంట్లో చూసినా చేపల వేట మీద బతికేవాళ్లే. మోకాళ్లు అరిగి వేటకు వెళ్లడం మానేశాక తాతయ్య సాయంత్రాలు ఇసుకలో పిల్లలకు సాము నేర్పుతూ గడిపేవాడు. అంతకుముందు మగపిల్లలే నేర్చుకునేవారట. మా కాలానికి ఊళ్లోకి టీవీలు వచ్చి మగపిల్లలంతా క్రికెట్టు బ్యాట్లు పట్టుకున్నారు. ఆయనకు మిగిలింది మేమే, ఆరుగురు ఆడపిల్లలం. దానికి ఆయన బాధపడ్డట్టు నాకెప్పుడూ కనిపించలేదు. తిట్టడంలో మాత్రం మాకేమీ తక్కువ చేయలేదు.

మొదటి నెల కర్ర ముట్టుకోనిచ్చేవాడు కాదు. తడి ఇసుకలో అడుగులు వేయించి, ఆ గుర్తులు చూసి ఎవరు మడమ మీద బరువు వేశారో చెప్పేవాడు. తర్వాత మణికట్టు తిప్పడం, ఆ తర్వాత తల, నడుం, మోకాలు కాచుకోవడం. ఇవన్నీ వచ్చాకే ఇద్దరిని ఎదురెదురుగా నిలబెట్టేవాడు. అప్పుడు కర్ర కొసకు పాతగుడ్డ చుట్టి పొయ్యిలోని బూడిదలో అద్దేవాళ్లం. గట్టిగా కొట్టకూడదు, తాకించాలి అంతే. తాకిన చోట బూడిద గుండ్రంగా అంటుకునేది. తాకించినవాళ్లు నోరు విప్పకూడదు. తగిలినవాళ్లే కర్ర నేల మీద పెట్టి, తగిలింది అని చెప్పాలి. ఈ పద్ధతంటే తాతయ్యకు ప్రాణం. కర్ర తిప్పడం ఎక్కడైనా నేర్చుకోవచ్చు, ఇది మాత్రం నా దగ్గరే నేర్చుకోవాలి అనేవాడు.

ఏటా గంగమ్మ జాతరలో ఊరేగింపుకు ముందు మా కర్రసాము ఉండేది. అందరికన్నా ముందు నడిచే మనిషిది మొదటి కర్ర. నాకు పన్నెండేళ్లు వచ్చిన సంవత్సరం అది నాకే దక్కాలని పంతం పట్టాను. నేర్పేవాడి మనవరాలిని, ఇంకెవరికిస్తారని స్కూల్లో ముందే గొప్పలు చెప్పేశాను కూడా. కానీ పక్కింటి అక్క ఉంది. నాకన్నా ఆరేళ్లు పెద్దది, నా అంత వయసు రాకముందు నుంచే నేర్చుకుంటోంది. ఎప్పుడూ ఆమె కన్నా పెద్దవాళ్లు ఎవరో ఉండటంతో మొదటి కర్ర ఆమెకు ఒక్కసారీ రాలేదు. ఆ జాతర కాగానే నర్సు ట్రైనింగుకు గుడివాడ వెళ్లిపోతోంది. ఆమెకు అదే ఆఖరి ఏడు. ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు వీలు లేదు.

జాతరకు వారం ముందు మా ఇద్దరికీ పోటీ పెట్టాడు తాతయ్య. ఆయన అక్క వెనకగా, నాకు ఎదురుగా నిలబడ్డాడు, మిగతా నలుగురూ ఆయన పక్కన కూర్చున్నారు. నా వీపు వెనక ఎవరూ లేరు. చాలాసేపు ఎవరికీ తగల్లేదు. నేను గిర్రున తిరిగి నడుం కాచుకునేలోపు అక్క కర్ర నా వీపు మీద తాకింది. ఈగ వాలినంత మెత్తగా తాకింది. నాకు తెలిసింది. కర్ర కింద పెట్టాలనీ తెలుసు. కానీ ఎవరూ చూడలేదన్న మాట అంతకన్నా ముందు తోచింది. చేతులు ఆపకుండా సాము కొనసాగించాను.

కాసేపటికి తాతయ్య చప్పట్లు కొట్టి ఆపాడు. కర్రకు కర్ర తగిలే చప్పుడులో ఒక దెబ్బ తప్పడం ఆయన విన్నట్టుంది. ఎవరికి తగిలిందని అడిగాడు. రెండోసారి అడిగాడు. మూడుసార్లు అడిగినా చెప్పకపోతే ఇద్దరూ ఆ ఏడు జాతరలో కర్ర పట్టకూడదన్నది ఆయన నియమం. అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటి ఉంది, అది నా బుర్రకు తట్టలేదు. ఆ పద్ధతిని ప్రాణంగా చూసుకునే మనిషి ఇంట్లోనే అబద్ధం పుట్టిందని ఊరంతా చెప్పుకుంటుంది. అది అక్కకు తట్టింది.

ఆమె నా దగ్గరికి వచ్చి, అలిసిపోయిన చిన్నపిల్లను దగ్గరికి తీసుకున్నట్టు నా వీపు చుట్టూ చెయ్యి వేసి గట్టిగా నిమిరింది. అదే చెయ్యి తీసి తన భుజం మీద పెట్టుకుంది. తాతయ్య మూడోసారి అడిగాడు.

"నాకే తగిలింది మావయ్యా," అంది కర్ర కింద పెడుతూ. తాతయ్యను ఆమె అలాగే పిలిచేది.

ఆమె భుజం మీద బూడిద ఉన్న మాట నిజమే. కానీ అది గుండ్రంగా లేదు. నాలుగు వేళ్లు పక్కపక్కనే స్పష్టంగా పడి ఉన్నాయి. తాతయ్య దాన్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను నా కాళ్ల వంక చూసుకున్నాను. అప్పటికైనా నోరు విప్పితే సరిపోయేది. సరే అన్నాడాయన, మొదటి కర్ర నాకిచ్చాడు.

జాతరలో అందరికన్నా ముందు నడిచాను. ఆడవాళ్లు మెటికలు విరిచారు, అచ్చం తాత పోలికే అన్నారు. నాకు ఏడుపొచ్చింది. సంతోషం పట్టలేక ఏడుస్తోందని మా అమ్మ అందరికీ చెప్పుకుంది. అక్క నా వెనక వరసలో ఎప్పటిలా చక్కగా చేసింది. వారం తిరక్కుండానే గుడివాడ బస్సెక్కింది.

అక్క వెళ్లాక తాతయ్య రోజూ సాము అయిపోగానే మిగతావాళ్లను పంపేసి, కర్రలకు ఆముదం రాయడానికి నన్ను ఉండమనేవాడు. ఇద్దరం ఇసుకలో కూర్చుని మాట్లాడకుండా రాసేవాళ్లం. నిన్న రాసిన కర్రలకే మళ్లీ ఈరోజు ఎందుకు రాయాలని నేను లోపల విసుక్కునేదాన్ని. తాతయ్య పోయేదాకా ఏడేళ్లు అలాగే సాగింది.

పెద్దకర్మకు అక్క వచ్చింది. అప్పటికి ఆమె ఆస్పత్రిలో నర్సు. భోజనాలయ్యాక పెరట్లో గిన్నెలు తోముతూ, ఇన్నేళ్లకు నోరు పెగుల్చుకుని ఆ రోజు సంగతి ఎత్తాను.

"ఇప్పుడెందుకే అవన్నీ, వదిలెయ్యి," అంది. కాసేపు చేతిలోని గిన్నె తోమి మళ్లీ తనే అంది, "నేను ఊరెళ్లేటప్పుడు మావయ్య బస్సు దాకా వచ్చాడు. పిల్ల తనంతట తనే చెప్తుందిలే, మనం అడగకూడదమ్మా అన్నాడు. అందుకే రోజూ నిన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడంట. సెలవలకొచ్చినప్పుడల్లా అడిగేదాన్ని, చెప్పిందా మావయ్యా అని. ఇంకా లేదమ్మా అనేవాడు."

నా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. అక్క నా వాటా గిన్నెలు కూడా తనే తోమేసింది.

ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు ఏదో దాచుకుని నా చుట్టూ తచ్చాడుతుంటే నేను ఆగలేను. కూర్చోబెట్టి, ఏం జరిగిందో చెప్పమని నేనే అడిగేస్తాను. మా వాళ్లు నాకు ఓపిక తక్కువంటారు. నిజమే, తాతయ్యకున్న ఓపికలో నాకు పావు వంతు కూడా రాలేదు. ఆయన నాకు ఏడేళ్ల సాయంత్రాలు ఇచ్చాడు. నిజం చెప్పడానికి అందులో ఒక్కటి చాలు, ఒక్క మాట చాలు. ఆముదం చేతులతో ఆయన పక్కనే కూర్చుని, ఆ ఒక్కటీ నేను వాడుకోలేదు.