మీ పక్క వాన పడెనా?

కోయిలకుంట్ల జీవమ్మ నోటికి ఒక అలవాటు. మనిషి కనబడితే చాలు, "తింటివా? చిక్కిపోయినావే!" అంటుంది. వాళ్లమ్మ విశ్వాసమ్మ కూడా చర్చి గుమ్మంలో అందరినీ అలాగే పలకరించేది. సీమలో ప్రేమకు అంతకంటే వేరే మాట ఏముంది?

అయితే ఆ నోటికి దొరికిన ఉద్యోగంలోనే ఉంది తిరకాసు. ఒళ్లొస్తుందని తిండంటేనే భయపడే జబ్బు పట్టిన పిల్లల మీద పరిశోధన చేసే చిన్న ల్యాబు అది, కర్నూలులో. జీవమ్మ దాని మేనేజరు. పిల్లల దగ్గర ఒంటి మాట, కంచం మాట ఎత్తొద్దని కొత్తవాళ్లకు నేర్పేది ఆమే. మధ్యాహ్నం అన్నం డబ్బాలు తెరిచేసరికి మరిచిపోయేదీ ఆమే.

ఆ వేసవి మొదట్లో డోన్ నుంచి శ్రీవాసవి వచ్చి చేరింది. కిరాణా కొట్టువాళ్ల అమ్మాయి. చదువుకునే రోజుల్లో అదే జబ్బు పడి లేచింది, ఆ సంగతి దాచకుండానే చెప్పింది. జీవమ్మ పొంగిపోయింది. పిల్లలు ఈ అమ్మాయితో మనసు విప్పినట్టు ఇంకెవరితోనూ విప్పరు. ఆ ఇష్టంతోనే రోజూ ఆమె డబ్బాలోకి తొంగిచూసేది. "ఇంతేనా? ఇది యాడికి చాలుతాదమ్మా?"

కొన్నాళ్లకు శ్రీవాసవి డబ్బా పట్టుకుని మేడమీదికి పోయి ఒంటరిగా తినసాగింది. ఒకరోజు వచ్చి, "అక్కా, నేను పని మానుకుంటాండా" అంది.

"ఎందుకమ్మా? ఎవురేమన్నారు?"

"పిల్లోళ్లను అడగొద్దంటారు. నన్ను దినామూ అడుగుతారు. ప్రేమతోనే అడుగుతారు, నాకు తెలుసు. కానీ మీరు చిక్కినావన్న దినం నాకు లోపల సంతోషమైతాది అక్కా. ఆ సంతోషమంటేనే నాకు భయం."

జీవమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఒక్క వారం ఉండు తల్లీ" అని బతిమాలుకుంది.

మరునాడే అందరినీ కూర్చోబెట్టి, ఇక ఈ గదిలో ఎవరి కంచం, ఎవరి ఒళ్లూ మాటకు రాకూడదని తేల్చేసింది. అందరూ సరేనన్నారు. అసలు కష్టం అప్పుడు మొదలైంది. "తింటివా" తీసేస్తే సీమ మనిషి మాట ఎక్కడ మొదలుపెట్టాలి? పొద్దున్నే ఒకరి మొహం ఒకరు చూసుకుని నీళ్లు నమిలారు. చివరికి డ్రైవరు దాసన్న ఉండబట్టలేక అడిగాడు.

"మీ పక్క వాన పడెనా?"

నడి వేసవి. బయట నిప్పులు చెరుగుతోంది. అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. అదే పలకరింపై కూర్చుంది. "వాన పడెనా?" అంటే "యాడి వానప్పా!" అని జవాబు.

వారం గడిచింది. మధ్యాహ్నం శ్రీవాసవి మేడమీదికి పోకుండా, డబ్బాతో వచ్చి జీవమ్మ పక్కనే కూర్చుంది. జీవమ్మ నోరు బిగబట్టి, కళ్లను కిటికీకి అప్పగించింది.

"అక్కా, ఆ శెనక్కాయల పొడి ఇట్ల జరపండి."

జరిపింది. ఎంత వేసుకుందో చూడలేదు.

"అక్కా, మీ కోయిలకుంట్ల పక్క వాన పడెనా?"

జీవమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"పడింది తల్లీ. శానా పడింది."